ఎస్ఈఓ ఎక్కడ నేర్చుకోవాలి? ఎవరి మాట నమ్మాలి?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ (ఎస్ఈఓ) గురించే, అంటే గూగుల్ లాంటి చోట వెతికినప్పుడు మన పేజీ పైన కనిపించేలా చేసుకోవడం గురించే. కోర్సులు, వీడియోలు, ఏజెన్సీలు ఇన్ని ఉండగా సరుకున్నది ఏదో, ఊకదంపుడు ఏదో ఎలా తేల్చుకోవాలన్నదే అందరి బాధ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. యూట్యూబ్ చూసి ఎస్ఈఓ మొదలుపెట్టాను. ఒకాయన పేజీకి కనీసం 1500 పదాలు ఉండాలంటాడు. ఇంకొకాయన మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో పెట్టే పదాల జాబితా) తప్పనిసరి అంటాడు. మరొకాయనకు బ్యాక్‌లింకులు (బయటి సైట్లు మనకిచ్చే లింకులు) తప్ప ఇంకేమీ పట్టదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లీషు అంతంతమాత్రం. – వరంగల్

జవాబు: సైట్లు నడిపేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ సెంట్రల్ సైటులో ‘ఎస్ఈఓ స్టార్టర్ గైడ్’ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. 2020 దాకా ఈ సైటు పేరు వెబ్‌మాస్టర్ సెంట్రల్. పాత వీడియోల్లో ఆ పేరు వినిపిస్తే ఇదే అనుకోండి. గైడును 2024 మొదట్లో తిరగరాసి బాగా కుదించారు, ఒక పూటలో చదివేయొచ్చు.

అయితే మీరు దాన్ని పైనుంచి కాకుండా కిందినుంచి మొదలుపెట్టండి. చివర్లో ‘వీటి గురించి పట్టించుకోనక్కర్లేదు’ అనే అర్థంలో ఒక భాగం ఉంది. మెటా కీవర్డ్స్ ట్యాగును గూగుల్ వాడదు (ఈ మాట 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది, అయినా నేటికీ పాఠం చెబుతున్నవాళ్లున్నారు). పేజీకి ఇన్ని పదాలుండాలన్న లెక్కేమీ లేదు. డొమైన్ పేరులో, అంటే సైటు చిరునామాలో, కీవర్డ్ (జనం వెతికే మాట) ఇరికించినంత మాత్రాన ర్యాంకు పెరగదు. హెచ్1, హెచ్2 హెడింగులు వరస తప్పినా ర్యాంకు విషయంలో గూగుల్‌కు పట్టింపు లేదు. స్క్రీన్ రీడర్ వాడే చూపులేని పాఠకులకు మాత్రం ఆ వరస అవసరం, అందుకోసం పాటించండి. ఒకే మేటరు మీ సైటులో రెండు యూఆర్ఎల్‌ల దగ్గర కనిపిస్తే శిక్షేమీ పడదు. ఈ-ఈ-ఏ-టీ (అనుభవం, నైపుణ్యం, అధికారికత, విశ్వసనీయత) అని అందరూ జపించేది నేరుగా ర్యాంకింగ్ ఫ్యాక్టర్ కాదు.

ఈ భాగమే మీకు గీటురాయి. ఏ వీడియో అయినా, ఏ కోర్సు అయినా వీటిలో రెండు మూడింటిని ‘తప్పనిసరి’ అని చెబుతుంటే ఆ మనిషి మూలపత్రం చదవలేదన్నమాట. మీరు ఉత్తరంలో రాసిన మొదటి ఇద్దరూ ఈ పరీక్షలోనే పోతారు. మూడో ఆయన సగం నిజం చెబుతున్నాడు. లింకులకు విలువ ఉంది, 1998లో పేజ్‌ర్యాంక్‌తో (లింకులను బట్టి పేజీకి విలువ కట్టే లెక్కతో) గూగుల్ మొదలైందే వాటి మీద. కానీ లింకులొక్కటే ప్రాణమన్న రోజులు పోయాయి.

గైడు తర్వాత ‘సెర్చ్ ఎలా పనిచేస్తుంది’ అన్న పేజీ చదవండి. క్రాలింగ్ (గూగుల్ వచ్చి పేజీని చదవడం), ఇండెక్సింగ్ (తన జాబితాలో చేర్చుకోవడం), ఫలితాలు చూపించడం – ఈ మూడు మెట్లు వేరువేరని అక్కడ తలకెక్కుతుంది. ఏ మెట్టు దగ్గర పేజీ ఆగిందో తెలియకపోవడం వల్లే సగం మంది తప్పు మందు వేస్తుంటారు. ఆ పైన ‘సెర్చ్ ఎసెన్షియల్స్’ (గూగుల్ మూల నియమాలు), అందులోని స్పామ్ పాలసీలు. ఇంగ్లీషు కష్టమైతే ఈ పత్రాలు హిందీలో కూడా ఉన్నాయి. బ్రౌజర్‌లో తెలుగులోకి మార్చుకుని చదవొచ్చు గానీ క్రాలింగ్, ఇండెక్సింగ్, కెనానికల్ (ఒకేలాంటి పేజీల్లో అసలుదిగా లెక్కేసేది) లాంటి మాటలను ఇంగ్లీషు మాటలుగానే గుర్తుపెట్టుకోండి. రేపు సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైటు పరిస్థితి చూపే ఉచిత టూల్) తెరిస్తే అవే కనబడతాయి.

చదవడంతో పాటు సొంత సైటు ఒకటి ఉండి తీరాలి. బ్లాగర్‌లో ఖర్చు లేకుండా మొదలవుతుంది. మీకు నిజంగా తెలిసిన విషయం మీద, అది పత్తి సాగైనా, మీ కాలేజీ సిలబస్ అయినా, పదిహేను ఇరవై పేజీలు రాసి సెర్చ్ కన్సోల్‌కు కలపండి. మోజ్ వారి బిగినర్స్ గైడ్, ఏహ్రెఫ్స్, సెమ్‌రష్, హబ్‌స్పాట్ అకాడమీల ఉచిత పాఠాలు ఆ తర్వాత చూడండి. అవి బాగుంటాయి. ఒక్క జాగ్రత్త: వాటిలో మొదటి మూడూ ఎస్ఈఓ టూల్స్ అమ్ముకునే కంపెనీలు, హబ్‌స్పాట్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ప్రతి సమస్యా వాళ్ల టూల్‌లో చూపించే అంకె దగ్గరికే వచ్చి ఆగుతుంది. పాఠం తీసుకోండి, అంకె మీద మోజు తగ్గించుకోండి.

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 35 వేలు కడితే మూడు నెలల్లో ఎస్ఈఓ నేర్పి ‘గూగుల్ సర్టిఫికెట్’ ఇప్పిస్తామంటున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందా? – హైదరాబాద్

జవాబు: ఎస్ఈఓకు గూగుల్ ఇచ్చే అధికారిక సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. గూగుల్ స్కిల్‌షాప్‌లో ఉన్నవి గూగుల్ యాడ్స్, అనలిటిక్స్ లాంటివాటి సర్టిఫికెట్లు. అవి ఉచితం, ఇంట్లో కూర్చుని మీరే రాసుకోవచ్చు. కోర్సెరాలో గూగుల్ పేరుతో ఉన్న డిజిటల్ మార్కెటింగ్ అండ్ ఈ-కామర్స్ సర్టిఫికెట్‌లో ఎస్ఈఓ ఒక ముక్క మాత్రమే. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వీటిలో ఏదో ఒకటి రాయించి దానికే ఆ పేరు పెడుతుంటారు. ఏ సర్టిఫికెటో పేరుతో సహా కాగితం మీద రాసివ్వమనండి, సంగతి తేలిపోతుంది.

అలాగని అమీర్‌పేట కోర్సులన్నీ దండగ అనడం లేదు. పక్కన కూర్చుని తప్పు దిద్దేవాడు దొరికితే ఫీజుకు న్యాయం జరిగినట్టే. డెమో క్లాసులో ఇవి అడిగి చూడండి.

ఒకటి, వాళ్లు పనిచేస్తున్న ఏదైనా సైటు సెర్చ్ కన్సోల్‌ను తెర మీద తెరిచి, పెర్ఫార్మెన్స్ రిపోర్టులో 16 నెలల గ్రాఫు చూపించమనండి. అంతకు మించి వెనక్కి అది చూపించదు. గ్రాఫులో పడిపోయిన చోట వేలు పెట్టి ‘ఇక్కడ ఎందుకు పడింది సార్?’ అనండి. పని చేసినవాడు తేదీ చూసి, ఏ పేజీలు, ఏ క్వెరీలు (జనం వెతికిన మాటలు) పడ్డాయో వడకట్టి చూపిస్తాడు. పని చేయనివాడు ‘అల్గారిదం అప్‌డేట్’ అని ఊరుకుంటాడు.

రెండోది ఇంకా పదునైన ప్రశ్న. ఒక పేజీని రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీల్లోకి రావద్దో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలులో) బ్లాక్ చేసి, అదే పేజీలో నోఇండెక్స్ ట్యాగు (ఫలితాల్లో చూపొద్దనే గుర్తు) కూడా పెడితే ఏమవుతుంది? ‘డబుల్ సేఫ్టీ’ అంటే లేచి వచ్చేయండి. రోబోట్స్ ఫైల్ ఆపేసిన పేజీలోకి గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాం) అడుగే పెట్టదు, కాబట్టి లోపలున్న నోఇండెక్స్‌ను చదవలేదు. బయట ఎవరైనా ఆ పేజీకి లింకు ఇచ్చి ఉంటే ఉత్త యూఆర్ఎల్ ఫలితాల్లో కనిపించే అవకాశం ఉంది. దాన్ని తీసేయాలంటే బ్లాక్ ఎత్తేసి నోఇండెక్స్‌ను చదవనివ్వాలి.

సిలబస్ కాగితంలో ‘ఆఫ్-పేజ్’ (సైటు బయట చేసే పని) కింద డైరెక్టరీ సబ్‌మిషన్, సోషల్ బుక్‌మార్కింగ్, ఆర్టికల్ సబ్‌మిషన్, వెబ్ 2.0 అని వారాల తరబడి ఉంటే అది పెంగ్విన్ అప్‌డేట్‌కు ముందటి సరుకు. చవక లింకులతో ర్యాంకు పెంచుకునే సైట్లకు కళ్లెం వేసిన పెంగ్విన్ వచ్చింది 2012లో.

ప్రశ్న: మాకు చీరల షాపు ఉంది. ఒక ఏజెన్సీ నెలకు ఇంత అని తీసుకుని మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అంటోంది. ‘డీఏ 10 నుంచి 40కి పెంచుతాం’ అని కూడా రాసిచ్చారు. నమ్మొచ్చా? – విజయవాడ

జవాబు: మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ‘మీకు ఎస్ఈఓ అవసరమా?’ అన్న పేజీ సెర్చ్ సెంట్రల్‌లో ఉంది. ఏజెన్సీతో కూర్చునే ముందు అదొక్కటీ చదవండి, ఏమేం అడగాలో కూడా అందులో ఉంది. సరిదిద్దిన పని ఫలితం చూపడానికి చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని 2017లో గూగుల్ విడుదల చేసిన వీడియోలో చెప్పారు.

డీఏ, అంటే డొమైన్ అథారిటీ, మోజ్ అనే కంపెనీ తన లెక్క కోసం తయారుచేసుకున్న అంకె. గూగుల్ దాన్ని వాడదు. చవక లింకులు గుమ్మరించి దాన్ని పెంచడం సులువు కాబట్టే ఒప్పందాల్లో అది కనిపిస్తుంది. డీఏ 40 అయినా మీ షాపులోకి అదనంగా ఒక్క మనిషి రాకపోవచ్చు. పైగా ఆ లింకులు కొన్నవని తేలితే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) పడొచ్చు. సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ అన్న చోట అది కనిపిస్తుంది. అప్పుడు లింకులు తీయించి రీకన్సిడరేషన్ (మళ్లీ పరిశీలన) కోరాల్సింది మీరే, అప్పటికి ఏజెన్సీ ఫోన్ ఎత్తదు.

మీ షాపుకు ముందు కావాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఉచితం. దగ్గర్లో చీరల షాపు కోసం వెతికినవాళ్లకు మ్యాపులో ఎవరిని చూపాలన్నది మూడింటిని బట్టి ఉంటుంది: అడిగినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. ఇక్కడ స్థానాన్ని డబ్బుతో కొనడం కుదరదని గూగుల్ స్పష్టంగా చెప్పింది. సరైన కేటగిరీ, పండగ రోజుల వేళలతో సహా షాపు తెరిచే సమయాలు, మీరు తీసిన ఫొటోలు, సమీక్షలకు జవాబులు – ఇవి చేసుకోండి. షాపు పేరు చివర ‘బెస్ట్ పట్టుచీరలు విజయవాడ’ అని తోకలు తగిలించకండి, బోర్డు మీదున్న పేరే ఉండాలి. తోక ఉన్న ప్రొఫైళ్లు సస్పెండ్ అవుతుంటాయి. సమీక్ష రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం కూడా నిబంధనలకు విరుద్ధం.

ఏజెన్సీని పెట్టుకున్నా డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్ మీద ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ మీరే. వాళ్లకు ‘ఫుల్ యూజర్’ చాలు, పని జరుగుతుంది. ఓనర్ హక్కు ఇచ్చేసి, తెగదెంపులయ్యాక సొంత సైటు లెక్కల కోసం బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

ప్రశ్న: తెలుగులో వంటల బ్లాగు నడుపుతున్నాను. 60 వంటకాలు రాస్తే 40కి పైగా ‘క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని వస్తోంది. ఒక వీడియోలో ఇండెక్సింగ్ ఏపీఐ (పేజీ సంగతి గూగుల్‌కు ప్రోగ్రాం ద్వారా నేరుగా చెప్పే దారి) వాడితే గంటలో ఇండెక్స్ అవుతుందన్నారు. ఇంకొకరు తెలుగు యూఆర్ఎల్ వల్లే ఇలా అవుతోందన్నారు. ఏది నిజం? – రాజమహేంద్రవరం

జవాబు: రెండూ కాదు. ఇండెక్సింగ్ ఏపీఐ రెండు రకాల పేజీలకే ఉద్దేశించింది: ఉద్యోగ ప్రకటనలు, లైవ్ ప్రసారాల వీడియోలు. దాని పత్రం మొదటి పేరాలోనే ఆ మాట ఉంది. వంటకాలకు వాడమని చెప్పిన వీడియో ఆ మొదటి పేరా కూడా చూడలేదన్నమాట. ఇక ఆ ఛానెల్లో మిగతా సలహాలను కూడా అదే లెక్కన చూడండి.

ముందు ఆ మాటకు అర్థం తెలుసుకోండి. ‘డిస్కవర్డ్’ అంటే పేజీ ఉందని గూగుల్‌కు తెలిసింది, ఇంకా రాలేదు. ‘క్రాల్డ్’ అంటే వచ్చింది, చదివింది, ప్రస్తుతానికి పక్కన పెట్టింది. మీది రెండోది. అంటే దారి మూసుకుపోలేదు, సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) మళ్లీ మళ్లీ పంపినా లాభం లేదు. కనుగొన్న ప్రతి పేజీనీ ఇండెక్స్ చేస్తానని గూగుల్ ఎక్కడా మాటివ్వలేదు కూడా.

ఒక పేజీ తీసుకుని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టండి. అక్కడ ‘యూజర్-డిక్లేర్డ్ కెనానికల్’, ‘గూగుల్-సెలెక్టెడ్ కెనానికల్’ అని రెండు వరసలుంటాయి. రెండూ వేరైతే గూగుల్ ఇంకో పేజీని అసలుదిగా ఎంచుకుందన్నమాట. తర్వాత ‘టెస్ట్ లైవ్ యూఆర్ఎల్’ నొక్కి, ‘వ్యూ టెస్టెడ్ పేజ్’లో హెచ్‌టీఎంఎల్ తెరిచి మీ వంటకంలోని ఒక తెలుగు వాక్యాన్ని వెతకండి. దొరక్కపోతే కారణం అక్కడే ఉంది. వంటకం మొత్తాన్ని ఫొటో మీద అచ్చువేసి పెట్టి ఉంటారు, లేదా పేజీ తెరుచుకున్నాక స్క్రిప్టు తెచ్చే మేటరు రాలేదు. యూనికోడ్‌కు ముందు ఫాంట్లలో కొట్టిన పాత మేటరును అతికించినా ఇంతే. కంటికి తెలుగే, లోపల ఉన్నది అర్థంలేని రోమన్ అక్షరాలు.

వాక్యం దొరికిందనుకోండి. అప్పుడు మేటరు వంక చూడాలి. 40 పేజీల్లోనూ పైన ‘ఈ వంటకం ఎంతో రుచికరమైనది, ఆరోగ్యానికి మంచిది’ అనే ఒకే పేరా, కింద నాలుగు లైన్ల పద్ధతి ఉంటే ఆ పేజీలకూ ఇప్పటికే ఉన్న వందలాది పేజీలకూ తేడా లేదు. గోంగూర పచ్చడికి ఎంత గోంగూరకు ఎన్ని ఎండుమిరపకాయలు, తెల్ల గోంగూరకు, ఎర్ర గోంగూరకు కొలత ఎలా మారుతుంది, నీరు మిగిలితే నిల్వ ఉండకపోవడం ఎందుకు – ఇవి రాయండి. పచ్చళ్ల పేజీలన్నీ ఒకదాన్నొకటి లింకు చేసుకునేలా, హోమ్ పేజీ నుంచి రెండు క్లిక్కుల్లో చేరేలా పెట్టండి. ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ ఒక్కసారి నొక్కితే చాలు. పదిసార్లు నొక్కినా తొందరగా రాదని గూగులే రాసింది. మళ్లీ క్రాల్ కావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో ‘రీడింగ్’ కింద సెర్చ్ ఇంజిన్లను వద్దనే చిన్న గడి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు టిక్కు పెట్టి తీయడం మరచిపోతారు, సైటంతా నోఇండెక్స్ అయి కూర్చుంటుంది. అప్పుడు కనిపించే మాట మాత్రం వేరు: ‘ఎక్స్‌క్లూడెడ్ బై నోఇండెక్స్ ట్యాగ్’.

ఇక తెలుగు యూఆర్ఎల్. గూగుల్‌కు దానితో పేచీ లేదు, పాఠకుల భాషలోని మాటలే వాడమంటుంది. ఇబ్బంది వేరే చోట. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనిట్ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటిది) ఒక్కొక్కటి 3 బైట్లు. యూఆర్ఎల్‌లో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్కో యూనిట్‌కు 9. ‘గోంగూర-పచ్చడి’లో గుణింతాలు, సున్నా, పొల్లు విడివిడిగా లెక్కేస్తే 12 యూనిట్లు, మధ్యలో గీత ఒకటి. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే 109 అక్షరాల కొండవీటి చాంతాడు. వర్డ్‌ప్రెస్ ఈ మారిన రూపాన్ని 200 దగ్గర కత్తిరిస్తుంది కాబట్టి 22 తెలుగు యూనిట్లు దాటిన శీర్షిక మధ్యలో తెగుతుంది. ఒకేలా మొదలయ్యే రెండు పోస్టులకు తోక తెగి, రెండోదాని చివర ‘2’ చేరుతుంది.

బ్లాగర్‌ది మరో వరస. తెలుగు శీర్షికను యూఆర్ఎల్‌లోకి తీసుకోదు. ప్రతి పోస్టుకూ ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టి పక్కన అంకెలు తగిలిస్తుంది. పబ్లిష్ చేసే ముందే ‘కస్టమ్ పర్మాలింక్’లో ఇంగ్లీషు అక్షరాల్లో వంటకం పేరు రాయండి. ఇప్పటికే ప్రచురించినవాటిని దీనికోసం మార్చకండి. యూఆర్ఎల్‌లోని మాటల వల్ల ర్యాంకుకు వచ్చేది దాదాపు ఏమీ లేదు. మార్చి రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లింపు) పెట్టడం మరిచిపోతే మాత్రం పోయేది చాలా ఉంటుంది.

ప్రశ్న: తెలుగు కీవర్డ్స్‌కు టూల్స్ అన్నీ సున్నా చూపిస్తున్నాయి. తెలుగు ఎస్ఈఓకు నమ్మదగ్గ ఆధారం ఏది? – కర్నూలు

జవాబు: సున్నా అంటే ఎవరూ వెతకడం లేదని కాదు, ఆ టూల్ దగ్గర లెక్క లేదని. పెద్ద టూల్స్ డేటా ఇంగ్లీషు చుట్టూ అల్లుకున్నది. మీకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం మీ సెర్చ్ కన్సోల్‌లోని క్వెరీల పట్టికే. అందులో మనవాళ్లు ఒకే సంగతిని ఎలా వెతుకుతారో తెలుస్తుంది: తెలుగు లిపిలో కొందరు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టేవాళ్లు కొందరు, సగం ఇంగ్లీషు మాటలతో ఇంకొందరు. వీటిని విడివిడిగా వడకట్టి చూడండి. మరీ తక్కువమంది వెతికిన క్వెరీలను గోప్యత కోసం దాచేస్తారు, అందుకే పట్టికలోని క్లిక్కులు కూడితే పైనున్న మొత్తానికి సరిపోదు. తెర మీద, ఎక్స్‌పోర్ట్‌లో వెయ్యి వరసలే వస్తాయి. పేజీవారీగా వడకడితే ఇంకొన్ని బయటపడతాయి.

కొత్త విషయానికైతే గూగుల్ సెర్చ్ పెట్టెలో తెలుగులో రెండు మాటలు కొట్టి కింద వచ్చే సూచనలు చూడండి. గూగుల్ ట్రెండ్స్‌లో కొన్ని పదాలను పక్కపక్కన పెట్టొచ్చు. అందులోని 0–100 పోలిక మాత్రమే, ఎంతమంది వెతికారన్న సంఖ్య కాదు. ఇది తెలియక ‘100 మంది వెతికారు’ అని చెప్పే పాఠాలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: గూగుల్ పత్రాలే చదవమంటున్నారు. కానీ గూగుల్ తన రహస్యాలు తనే ఎందుకు చెబుతుంది? అసలు గుట్టు బయటివాళ్ల దగ్గరే ఉంటుంది కదా? – డాలస్

జవాబు: మంచి అనుమానమే. క్లిక్కుల సంగతే తీసుకోండి. ఫలితాల్లో ఎవరు దేన్ని నొక్కారన్నది ర్యాంకింగ్‌కు వాడుతున్నారా అని అడిగితే గూగుల్ ప్రతినిధులు ఏళ్ల తరబడి కొట్టిపారేస్తూనో దాటవేస్తూనో వచ్చారు. గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్య నిరోధక) కేసు 2023లో విచారణకు వచ్చినప్పుడు, గూగుల్ సెర్చ్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్ ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యంలో నావ్‌బూస్ట్ గురించి చెప్పారు. అది క్లిక్కుల సమాచారం మీద నడిచే వ్యవస్థ. 2024 మేలో బయటపడ్డ గూగుల్ అంతర్గత ఏపీఐ పత్రాల్లోనూ ఆ పేరుంది. వాటిలో 14 వేలకు పైగా అంశాల పేర్లున్నాయి. దేనికెంత బరువు, అసలు ఏది ఇప్పుడు వాడుకలో ఉంది అన్నది మాత్రం లేదు. ఆ పత్రాలు చూపించి ‘200 ఫ్యాక్టర్ల రహస్య కోర్సు’ అమ్ముతున్నవాళ్లు ఆ ఖాళీని తమ ఊహతో నింపుతున్నారు.

కాబట్టి గూగుల్ మాటను మూడు రకాలుగా వేరుచేసుకోండి. ‘ఈ ట్యాగు ఇలా పనిచేస్తుంది, సైట్‌మ్యాప్‌లో 50,000 యూఆర్ఎల్‌లు మించకూడదు, డొమైన్ మారితే రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచండి’ – ఇలాంటి పనితీరు వివరాలు అచ్చంగా నమ్మొచ్చు. ‘ఇది చేస్తే శిక్ష’ అన్నదీ నమ్మాలి, ఎందుకంటే శిక్ష వేసేది వాళ్లే. ‘దీని ప్రభావం ఎంత?’ అన్న దగ్గర మాత్రం జవాబు సగమే ఉంటుందనుకుని సొంతంగా పరీక్షించుకోండి.

పరీక్ష ఎలాగంటే, ఒకే రకం పేజీలు 20 తీసుకుని పదింటికి టైటిళ్లు మార్చి పదింటిని అలాగే వదిలేయండి. మార్పు గూగుల్ కంటబడిందని ఇన్‌స్పెక్షన్‌లో చూసుకున్నాకే లెక్క మొదలుపెట్టి, 28 రోజుల ముందు, 28 రోజుల తర్వాత క్లిక్కులు పోల్చండి. వదిలేసిన పదీ అంతే పెరిగితే మీ టైటిళ్ల గొప్పేం లేదు. మన సైట్లలో పండగలు లెక్క తప్పిస్తాయి. డిసెంబరులో ముగ్గుల పేజీ టైటిలు మార్చి సంక్రాంతికి క్లిక్కులు పెరిగాయని సంబరపడితే ఎలా? అక్కడ పోలిక కిందటేడు ఇదే రోజులతో పెట్టాలి. కన్సోల్‌లో 16 నెలలు ఇవ్వడం అందుకు సరిపోతుంది.

చదవదగ్గది ఇంకొకటుంది. ఫలితాల నాణ్యతకు మార్కులు వేసే మనుషుల కోసం గూగుల్ రాసిన క్వాలిటీ రేటర్ గైడ్‌లైన్స్ 170 పేజీలకు పైగా ఉంటాయి, అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఈ-ఏ-టీకి ముందు అనుభవం అనే ఇంకో ‘ఈ’ చేరింది 2022 డిసెంబరులో అక్కడే. ఆ మనుషులు వేసే మార్కులు నేరుగా ఏ సైటు ర్యాంకునూ మార్చవు. మంచి పేజీ అంటే గూగుల్ దేన్ని అనుకుంటోందో ఉదాహరణలతో తెలుస్తుంది, దానికోసం చదవాలి.

ప్రశ్న: ఇంట్లో పదేళ్ల కిందటి ఎస్ఈఓ పుస్తకం ఉంది. పనికొస్తుందా? లేక ఏఐ చాట్‌బాట్‌నే అడిగి నేర్చుకోనా? – నెల్లూరు

జవాబు: రెంటికీ జబ్బు ఒకటే, పాత సంగతి కొత్తదిలా చెప్పడం. పుస్తకంలో క్రాలింగ్, లింకుల నిర్మాణం, పాఠకుడి ఉద్దేశం గురించిన అధ్యాయాలు ఇప్పటికీ బాగుంటాయి. స్కీమా (పేజీలో ఏముందో గూగుల్‌కు చెప్పే కోడ్), వేగం, మొబైల్ అధ్యాయాలు దాటేయండి.

చాట్‌బాట్‌ను ఇలా పరీక్షించండి: ‘కోర్ వెబ్ వైటల్స్ (పేజీ వేగం, స్థిరత్వం కొలిచే గూగుల్ అంకెలు) ఏవి?’ అనండి. జవాబులో ఎఫ్ఐడీ వస్తే దాని సమాచారం పాతది. 2024 మార్చి 12న ఎఫ్ఐడీ స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది. ఇప్పుడున్నవి ఎల్‌సీపీ (పేజీలో ప్రధాన భాగం కనిపించే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కినదానికి స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (పేజీ కుదుపు) 0.1 లోపు. హౌటు స్కీమా (ఏదైనా ఎలా చేయాలో మెట్లవారీగా చూపే కోడ్) పెట్టమని సలహా ఇచ్చినా అంతే, ఆ ఫలితాలను గూగుల్ 2023లోనే తీసేసింది. ఎఫ్ఏక్యూ (ప్రశ్న-జవాబుల) ఫలితాలను అదే ఏడాది ఆగస్టులో పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. ‘ఏఐ ఓవర్‌వ్యూస్‌లో (గూగుల్ ఫలితాల్లో ఏఐ రాసే సారాంశంలో) రావడానికి ప్రత్యేక ఫైలు పెట్టాలి’ అనే కోర్సులు కూడా పుట్టుకొచ్చాయి. అలాంటి ఫైళ్లు, మార్కప్‌లు అక్కర్లేదని, పేజీ ఇండెక్స్ అయి స్నిప్పెట్‌గా (ఫలితం కింది చిన్న వివరణగా) చూపడానికి అర్హత ఉంటే చాలని గూగుల్ పత్రంలోనే ఉంది.

తాజాగా ఉండాలంటే రెండు పేజీలను బుక్‌మార్క్ చేసుకోండి. సెర్చ్ సెంట్రల్‌లో పత్రాల మార్పుల జాబితా తేదీలవారీగా ఉంటుంది. సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డ్‌లో ప్రతి పెద్ద అప్‌డేట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఉంటుంది. సెర్చ్ ఇంజిన్ ల్యాండ్, సెర్చ్ ఇంజిన్ రౌండ్‌టేబుల్ వార్తలకు మంచివి. కానీ రౌండ్‌టేబుల్‌లో ‘గూగుల్ ర్యాంకులు కదులుతున్నాయి’ అని చూసిన ప్రతిసారీ సైటు మార్చడం మొదలుపెడితే మీకు నిద్ర ఉండదు.

ప్రశ్న: ఏహ్రెఫ్స్, సెమ్‌రష్ కొనే స్తోమత లేదు. టెలిగ్రామ్‌లో ‘గ్రూప్ బై’ కింద నెలకు కొన్ని వందలకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా? – కాకినాడ

జవాబు: వద్దు. ఒకరి ఖాతాను పదిమందికి అద్దెకివ్వడం ఆ కంపెనీల నిబంధనలకు విరుద్ధం, ఎప్పుడైనా ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యం, వీటిలో చాలావరకు బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటాయి. కుకీలు (లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) చదివే అనుమతి దానికి ఇస్తే అదే బ్రౌజర్‌లో తెరిచి ఉన్న మీ జీమెయిల్, సెర్చ్ కన్సోల్ సెషన్లు కూడా వాళ్ల చేతికి చిక్కినట్టే.

నేర్చుకునే దశకు ఉచితంగా వచ్చేవి చాలు. స్క్రీమింగ్ ఫ్రాగ్ 500 యూఆర్ఎల్‌ల దాకా డబ్బు తీసుకోకుండా క్రాల్ చేస్తుంది. విరిగిన లింకులు, లేని టైటిళ్లు, నోఇండెక్స్ పేజీలు ఒక్కచోట కనిపిస్తాయి. ఏహ్రెఫ్స్ వెబ్‌మాస్టర్ టూల్స్ మీ సొంత సైటుకు ఉచితం. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌కు సెర్చ్ కన్సోల్ నుంచి సైటును నేరుగా దిగుమతి చేసుకోవచ్చు. పోటీదారుల లింకులు చూడాల్సిన పని నిజంగా పడితే ఒక్క నెలకు చందా కట్టి, కావలసిన పట్టికలన్నీ మొదటి వారంలోనే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆటో-రెన్యువల్‌ను మాత్రం కొన్న రోజే ఆపేయండి.